పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్, కొత్త విండోస్: ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గరి అడ్తి (కమీషన్) దుకాణాల్లో, హన్మకొండలోని ఫొటో స్టూడియోల్లో, కరీంనగర్ దాకా ఉన్న డీటీపీ సెంటర్లలో ఇప్పుడు పాత సిస్టమ్‌లు పోయి విండోస్ 11వి వస్తున్నాయి. విండోస్ 7కు 2020 జనవరి 14నే మద్దతు ఆగింది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న ఆగింది. మెషీన్ మారేటప్పుడు లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు, ప్రింటర్ గురించి అడుగుతారు. బీరువాలో ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. అందులో ఐదారేళ్ల బ్యాకప్ ఉంటుంది, కానీ దాన్ని రాసిన సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్‌లో ఎక్కదు. ఎక్కినా సరిగ్గా నడవదు.

వ్యాపారం చేసేవాళ్లకు ఇది తీరిక ఉన్నప్పుడు చూసుకునే పని కాదు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. అంటే విండోస్ 10 మీద, ఇంకా వెనక్కి పోతే విండోస్ 7 మీద తీసిన బ్యాకప్ కూడా ఇప్పుడు తెరుచుకోవాల్సిందే.

చాలామంది ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న దగ్గర మొదలుపెడతారు. ముందు చూడాల్సింది మీ దగ్గర ఇప్పటికే ఉన్న బ్యాకప్ ఏ రకం ఫైల్ అన్నది. ఎంపిక దాన్నిబట్టే మారుతుంది.

ఫైల్ తోక చూడండి

ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న చోట టిక్కు పెట్టండి. ఫైల్ పేరులో చుక్క తర్వాత వచ్చే అక్షరాలే అసలు సమాచారం.

బీకేఎఫ్ అని ఉంటే అది విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి ఎన్‌టీ బ్యాకప్ ఫైల్. విస్టా నుంచే మైక్రోసాఫ్ట్ ఆ ప్రోగ్రామ్‌ను తీసేసింది. విండోస్ 7 కోసం తిరిగి తీసుకునేందుకు మాత్రమే పనికొచ్చే ఒక చిన్న యుటిలిటీ ఇచ్చింది. విండోస్ 11లో దాన్ని బలవంతంగా నడిపించే చిట్కాలు తిరుగుతుంటాయి. వాటితో కుస్తీ పట్టే బదులు ఒక పాత విండోస్ 7 సిస్టమ్ మీదనో, వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రామ్) వేసిన విండోస్ 7 మీదనో ఆ యుటిలిటీ పెట్టి, ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి తీసుకుని, మామూలు ఫైళ్లుగా కొత్త డిస్క్‌లో వేసుకోవడం ఒక్క పూటలో అయిపోయే పని. తీసేటప్పుడు ఒరిజినల్ లొకేషన్ కాకుండా ఆల్టర్నేట్ లొకేషన్ ఎంచుకోండి. లేకపోతే ఎక్స్‌పీ ఫైళ్లు వచ్చి ఇప్పుడున్న సిస్టమ్ ఫైళ్ల మీద కూర్చుంటాయి.

జీహెచ్‌ఓ, వీ2ఐ రెండూ నార్టన్ ఘోస్ట్ అనే పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కుటుంబానివి. దాని అమ్మకం 2013 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. ఘోస్ట్ 15ను విండోస్ 8 మీద కూడా అధికారికంగా నడపలేదు, 11 మాట వదిలేయండి. అయినా జీహెచ్‌ఓ ఫైల్ అంత మొండిది కాదు. ఘోస్ట్ ఎక్స్‌ప్లోరర్ అనే విడి ప్రోగ్రామ్ అందులోని ఫోల్డర్లను చూపించి, కావలసినవి బయటికి తీస్తుంది. దానికి డ్రైవర్ అక్కర్లేదు, అందుకే కొత్త విండోస్‌లోనూ తెరుచుకుంటుంది. పాత ఘోస్ట్ సీడీ ఉంటే పారేయకండి. వీ2ఐ అయితే ఆ ఫార్మాట్ తర్వాత సిమాంటెక్, వెరిటాస్ సిస్టమ్ రికవరీల్లో కొనసాగింది. వాటి ద్వారానే తీయాలి.

టిబ్ అంటే ఆక్రానిస్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఫైల్. 2020 వెర్షన్ నుంచి అది టిబ్‌ఎక్స్ అయ్యింది. కొత్త వెర్షన్ పాత టిబ్‌ను చదువుతుంది. పాత వెర్షన్ టిబ్‌ఎక్స్‌ను చదవదు. పాత సిస్టమ్‌లో 2018, కొత్త సిస్టమ్‌లో తాజాది పెట్టుకుని రెండింటికీ ఒకే డిస్క్ వాడే దుకాణంలో ఈ తేడా బయటపడేది అవసరం పడ్డ రోజే. మ్యాక్రియం రిఫ్లెక్ట్ అనే ఇంకో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లదీ అదే వరస. రిఫ్లెక్ట్ ఎక్స్ వచ్చాక ఫైల్ పేరు చివర ఒక ఎక్స్ చేరింది. కొత్తది పాతదాన్ని తెరుస్తుంది, వెనక్కి మాత్రం దారి లేదు.

విండోస్ఇమేజ్‌బ్యాకప్ అనే ఫోల్డర్ కనిపిస్తే మాత్రం మీరు అదృష్టవంతులు. విండోస్ 7లోని సొంత బ్యాకప్ రాసిన సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్‌తో సహా డిస్క్ మొత్తం కాపీ అది. లోపల ఉండేది డిస్క్‌నంతా ఒకే ఫైల్‌గా దాచిన వీహెచ్‌డీ ఫైల్, విండోస్ 8 తర్వాతిదైతే వీహెచ్‌డీఎక్స్. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా విండోస్ 11 దాన్ని నేరుగా తెరుస్తుంది. విండోస్ 7 మాత్రం వీహెచ్‌డీఎక్స్‌ను తెరవలేదు, అది గుర్తుంచుకోండి.

వీహెచ్‌డీ తెరవడం, దగ్గర నుంచి

ఈ పని చాలామంది సగంలో వదిలేస్తారు కాబట్టి వివరంగా చెబుతున్నాం.

స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. యాక్షన్ మెనూలో అటాచ్ వీహెచ్‌డీ ఎంచుకుని, విండోస్ఇమేజ్‌బ్యాకప్ ఫోల్డర్‌లో సిస్టమ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి, అక్కడి నుంచి తేదీ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లండి. రెండు ఫైళ్లు కనిపిస్తే చిన్నది బూట్ పార్టిషన్, పెద్దది సీ డ్రైవ్. పెద్దదాన్ని ఎంచుకుని, కింద ఉన్న రీడ్-ఓన్లీ బాక్స్‌లో తప్పకుండా టిక్కు పెట్టండి. డబుల్‌క్లిక్ చేసినా తెరుచుకుంటుంది కానీ అప్పుడు విండోస్ దాని లోపల రాయడం మొదలుపెడుతుంది. బ్యాకప్ ఫైల్ అంటే తీసిన రోజు ఎట్లుందో అట్లనే ఉండాలి.

డ్రైవ్ లెటర్ రాకపోతే అక్కడే రైట్‌క్లిక్ చేసి ఇవ్వండి. లోపల యూజర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లబోతే మీకు అనుమతి లేదని వస్తుంది. కంటిన్యూ నొక్కినా పని కాదు. అనుమతిని మార్చాలంటే ఫైల్‌లో రాయాలి, మనం పెట్టింది రీడ్-ఓన్లీ. ఇక్కడే జనం విసిగిపోయి, రీడ్-ఓన్లీ తీసేసి, ఓనర్‌షిప్ మార్చి, ఒరిజినల్‌ను పాడుచేసుకుంటారు. దానికి బదులు అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, విండోస్‌లోనే ఉన్న కాపీ కమాండ్ రోబోకాపీ వాడండి. ఈ, బీ, ఎక్స్‌జే (/E /B /XJ) అనే మూడు స్విచ్‌లు పెడితే చాలు. మొదటిది ఖాళీవాటితో సహా లోపలి ఫోల్డర్లన్నీ తెస్తుంది. రెండోది బ్యాకప్ మోడ్‌లో చదువుతుంది కాబట్టి అనుమతుల గోల ఉండదు. మూడోది జంక్షన్లను, అంటే వేరే ఫోల్డర్‌కు దారి చూపే లింకులను వదిలేస్తుంది. అది పెట్టకపోతే అప్లికేషన్ డేటా ఫోల్డర్ తనలో తాను తిరుగుతూ కాపీ ఎంతకూ తెగదు.

అదే విండోస్ 7 బ్యాకప్ ఫైళ్ల విషయానికి వస్తే, బ్యాకప్ సెట్ అని తేదీతో ఉన్న ఫోల్డర్లలో బోలెడన్ని జిప్ ఫైళ్లు ఉంటాయి. ఒక్కోటి దాదాపు 200 ఎంబీ. చిన్న ఎక్సెల్ షీట్ కావాలంటే జిప్ తెరిచి తీసుకోవచ్చు. పెద్ద వీడియో మాత్రం ముక్కలై రెండు మూడు జిప్‌లలో పడి ఉంటుంది, చేత్తో అతికించలేరు. విండోస్ 11 కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకా బ్యాకప్ అండ్ రిస్టోర్ విండోస్ 7 అన్న పేరు ఉంది. అందులో సెలెక్ట్ అనదర్ బ్యాకప్ టు రిస్టోర్ ఫైల్స్ ఫ్రమ్ అనే లింకు ద్వారా తీస్తే ముక్కలు వాటంతట అవే కలుస్తాయి.

పాతది కొత్తదాని మీద ఎందుకు నడవదు

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మామూలు ప్రోగ్రామ్ లాంటిది కాదు. నడుస్తున్న విండోస్‌ను కాపీ తీయాలంటే అది డిస్క్‌కు, విండోస్‌కు మధ్య ఒక ఫిల్టర్ డ్రైవర్‌ను పెట్టాలి. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో విండోస్ 7 ఎంచుకుంటే ప్రోగ్రామ్ కిటికీ తెరుచుకుంటుంది కానీ డ్రైవర్‌కు ఆ వేషం పనికిరాదు. విండోస్ 11 పూర్తిగా 64 బిట్. 32 బిట్ డ్రైవర్ అందులో ఎక్కనే ఎక్కదు. విండోస్ 10 1607 వెర్షన్ నుంచి కొత్త డ్రైవర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం ఉండాలి. ఆపైన విండోస్ 11లో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ ఉంటుంది. ఆక్రానిస్ 2021, అంతకు ముందు వెర్షన్ల టిబ్ డాట్ సిస్ అనే డ్రైవర్ ఉంటే ఆ రక్షణ ఆన్ కాదు, పొసగని డ్రైవర్ల జాబితాలో దాని పేరే చూపిస్తుంది. బ్యాకప్ కోసం ఆ రక్షణను ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వద్దు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌నే మార్చండి.

విండోస్ 10ను ఉన్నచోటే 11కు అప్‌గ్రేడ్ చేస్తుంటే పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను ముందే, దాని సొంత అన్ఇన్‌స్టాలర్‌తో తీసేయండి. తీశాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్ఎల్‌టీఎంసీ (fltmc) కొట్టి చూస్తే ఫైల్ ఫిల్టర్లు ఏమైనా మిగిలాయేమో తెలుస్తుంది. మిగిలిందని ఫైల్‌ను చేత్తో తీసేయడం మాత్రం పెద్ద పొరపాటు. డిస్క్ స్థాయిలో ఉండే స్నాప్‌మ్యాన్ లాంటి డ్రైవర్ ఫైల్ పోయి, రిజిస్ట్రీలో అప్పర్‌ఫిల్టర్స్ దగ్గర పేరు మిగిలితే, విండోస్ ఆ డ్రైవర్‌ను వెతుక్కుంటూ బ్లూ స్క్రీన్‌లోనే ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చిన క్లీనప్ టూల్ వాడండి.

ఇంకో ఇబ్బంది షాడో కాపీ. విండోస్‌లో వాల్యూమ్ షాడో కాపీ సర్వీస్ అనేది తెరిచి ఉన్న ఫైళ్లను కూడా ఒక క్షణం దగ్గర నిలబెట్టి కాపీ తీసేలా చేస్తుంది. సిస్టమ్ స్పీడ్ కోసమని ఏదో ఆప్టిమైజర్ వేసి ఆ సర్వీస్‌ను డిజేబుల్ చేసిన సిస్టమ్‌లు కోకొల్లలు. అది మాన్యువల్ మీద ఉండాలి. బ్యాకప్ మొదలైన కాసేపటికే చివర 80780119 ఉన్న కోడ్‌తో ఆగితే డిస్క్ నిండిందని కంగారు పడకండి. చిన్న రిజర్వ్‌డ్ లేదా రికవరీ పార్టిషన్‌లో చోటు చాల్లేదని అర్థం. 500 ఎంబీ లోపు పార్టిషన్‌లో కనీసం 50 ఎంబీ, అంతకంటే పెద్దదైతే 320 ఎంబీ ఖాళీ ఉండాలి.

డిస్క్‌లు కూడా మారాయి. డిస్క్‌ను భాగాలు చేసే పాత పద్ధతి ఎంబీఆర్ 2 టీబీ దాటి చూడలేదు. కొత్త లాప్‌టాప్‌లన్నీ జీపీటీ అనే కొత్త పద్ధతి, బూట్ చేసేది బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ. విండోస్ 7 ఇమేజ్‌ను మొత్తంగా ఎన్‌వీఎంఈ డిస్క్ (కొత్త రకం వేగమైన ఎస్ఎస్‌డీ) ఉన్న కొత్త లాప్‌టాప్‌లో దింపాలని చూడకండి. ఆ విండోస్‌కు ఎన్‌వీఎంఈ తెలియదు, యూఎస్‌బీ 3 తెలియదు. బూట్ అయినా మౌస్ కదలదు. పాత ఇమేజ్‌లోంచి ఫైళ్లు తీసుకోవాలి, లేదా వర్చువల్ మెషీన్‌గా నడుపుకోవాలి. మూడో దారి లేదు.

నెట్‌వర్క్ డిస్క్‌కు బ్యాకప్ తీసేవాళ్లకు వేరే తిప్పలు. రౌటర్ వెనక యూఎస్‌బీ డిస్క్ పెట్టి, పాస్‌వర్డ్ లేకుండా అందరూ వాడుకునే పద్ధతి ఇక్కడ చాలా ఆఫీసుల్లో ఉంది. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ 1ను విండోస్ 10 1709 వెర్షన్ నుంచే మామూలుగా పెట్టడం మానేశారు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ ప్రో అయితే గెస్ట్‌గా, అంటే పాస్‌వర్డ్ లేకుండా పోనివ్వదు, సంతకం లేని కనెక్షన్‌ను ఒప్పుకోదు. నిన్నటిదాకా నడిచిన బ్యాకప్ అప్‌డేట్ పడ్డ మర్నాడు ఆగిందంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి. డిస్క్‌లో ఎస్ఎంబీ 2 గాని 3 గాని ఆన్ చేసి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెడితే చాలాసార్లు దారికొస్తుంది. ఆ సౌకర్యమే లేని పాత పెట్టె అయితే దాని కాలం తీరింది.

ఇక ఎంపికలు

పాతదాన్నే కొనసాగించడం మొదటి దారి. మెషీన్ ఇంటర్నెట్‌కు దూరంగా, విండోస్ 7తో ఒకే పనికి ఉంటే అందులో తప్పేం లేదు. వేబ్రిడ్జి కంప్యూటర్, పాత ప్రింటింగ్ మెషీన్‌కు తగిలించినది లాంటివి. అక్కడ పాత ఘోస్టో, ఆక్రానిస్సో ఉంటే కదపకండి. దాని బూట్ సీడీని ఐఎస్ఓగా (సీడీ మొత్తం ఒకే ఫైల్‌గా) తీసి రెండు చోట్ల పెట్టుకోండి. విండోస్ 10 ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. 22హెచ్2 వెర్షన్ మీద ఉంటే ఇంటి వాడకపు సిస్టమ్‌లకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, కాదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు లేదా 30 డాలర్లు. ఇది నింపాదిగా మారడానికి దొరికిన సమయం. మారకుండా ఉండటానికి సాకు చేసుకోవద్దు.

విండోస్‌లో ఉన్న సొంత బ్యాకప్ రెండో దారి. ఇక్కడ పేర్లతోనే గందరగోళం. విండోస్ బ్యాకప్ అని స్టార్ట్ మెనూలో కనిపించేది ఫోల్డర్లను, సెట్టింగ్‌లను వన్‌డ్రైవ్‌కు పంపుతుంది. ఉచితంగా వచ్చేది 5 జీబీ. ఒక్క పెళ్లి ఫొటోలకే అది చాలదు. ఫైల్ హిస్టరీ కంట్రోల్ ప్యానెల్‌లో దాక్కుని ఉంది. డాక్యుమెంట్లు, ఫొటోల పాత వెర్షన్లు దాచడంలో ఇప్పటికీ బాగుంటుంది. కానీ డీ డ్రైవ్‌లో విడిగా పెట్టిన టాలీ ఫోల్డర్‌ను అది తనంతట తాను తీసుకోదు, మీరు లైబ్రరీలో చేర్చాలి. విండోస్ సొంత బ్యాకప్‌లలో ఇంకొకటి సిస్టమ్ ఇమేజ్. వీహెచ్‌డీఎక్స్ కాబట్టి ఎప్పుడైనా తెరుచుకుంటుంది, అది దాని బలం. అయితే 2017లో వచ్చిన 1709 వెర్షన్ నుంచే మైక్రోసాఫ్ట్ దీన్ని వదిలేసే జాబితాలో పెట్టింది. 2022 జనవరి 11 తర్వాతి అప్‌డేట్లు పడ్డ సిస్టమ్‌లలో దీనితో తయారుచేసిన రికవరీ డిస్క్‌లు బూట్ కాకపోవచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. రెండో కాపీగా ఉంచుకోండి, దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఉచితంగా వచ్చే బయటి సాఫ్ట్‌వేర్ మూడో దారి. మ్యాక్రియం ఫ్రీ మన దగ్గర చాలా సిస్టమ్‌లలో ఇంకా నడుస్తున్నది గానీ దాని భద్రతా అప్‌డేట్లు 2024 జనవరి 1తో ఆగాయి. తీసేసి కొత్తది పెట్టుకోవాలి. ఆ స్థానంలో మా మొదటి ఎంపిక వీమ్ ఏజెంట్ ఉచిత ఎడిషన్. విండోస్ 11ను అధికారికంగా సపోర్ట్ చేస్తుంది, మొదటిసారి మొత్తం, తర్వాత మారినంత మాత్రమే తీస్తుంది, ఇమేజ్‌లోంచి ఒక్క ఫైల్ కూడా తీసిస్తుంది. ఉచిత ఎడిషన్‌లో ఒకే బ్యాకప్ జాబ్ పెట్టనిస్తుంది. ఒక దుకాణానికి అది చాలు. క్లోన్‌జిల్లా, దాని తేలిక రూపమైన రెస్క్యూజిల్లా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి పనిచేస్తాయి. విండోస్‌లో ఏ డ్రైవరూ పెట్టవు కాబట్టి విండోస్ వెర్షన్ మారినా వాటికి బాధ లేదు. ఆ ఒక్క కారణానికే, మెషీన్ మార్చే ముందు చివరి ఇమేజ్ తీయడానికి వీటికి మించినవి లేవు. కానీ సిస్టమ్ ఆపి తీయాలి, రోజువారీ పనికి కుదరదు. పైగా 1 టీబీ డిస్క్ ఇమేజ్‌ను 512 జీబీ ఎస్ఎస్‌డీలోకి దింపబోతే మామూలుగా ఒప్పుకోవు. లోపల 100 జీబీయే వాడినా సరే.

డబ్బు పెట్టి కొనేవి నాలుగో దారి. ఆక్రానిస్ ఇప్పుడు ఏటా కట్టాల్సిందే, 2021 వెర్షన్‌తోనే ఒకసారి కొంటే అయిపోయే పద్ధతి ముగిసింది. డబ్బుకు విలువ ఎప్పుడు వస్తుందంటే, మీ దగ్గర పాత టిబ్ ఫైళ్లు చాలా ఉన్నప్పుడు, లేదా ఒక మెషీన్ ఇమేజ్‌ను వేరే హార్డ్‌వేర్‌లోకి దింపాల్సినప్పుడు. ఆ రెండూ లేకపోతే ఉచితమైనవాటితో సరిపోతుంది. ఆ డబ్బుతో రెండో హార్డ్‌డిస్క్ కొనడం మేలు.

అయిదోది వర్చువల్ మెషీన్. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అను స్క్రిప్ట్‌తో, పేజీలు పెట్టే పేజ్‌మేకర్‌తో పత్రికలు, శుభలేఖలు చేసే డీటీపీ సెంటర్లకు ఇదే సరైనది. యూనికోడ్ కాని ఫాంట్లతో చేసిన వేల ఫైళ్లను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవడం కంటే ఆ సిస్టమ్‌నే ఒక ఫైల్‌గా మార్చుకోవడం సులువు. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల డిస్క్ టు వీహెచ్‌డీ అనే ఉచిత టూల్ నడుస్తున్న విండోస్ 7ను అలాగే వీహెచ్‌డీగా రాస్తుంది. దాన్ని వర్చువల్‌బాక్స్‌లోనో, విండోస్ 11 ప్రోలో ఉండే హైపర్-వీలోనో పెట్టి నడపాలి. హోమ్ ఎడిషన్‌లో హైపర్-వీ ఉండదు. నెట్‌వర్క్ కార్డు తీసేసి నడపండి, వర్చువల్‌బాక్స్ అయితే ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్ ద్వారా మార్చుకోండి. హార్డ్‌వేర్ మారిందని విండోస్, కొన్ని సాఫ్ట్‌వేర్లు మళ్లీ యాక్టివేషన్ అడుగుతాయి. సాఫ్ట్‌వేర్‌కు తాళంచెవిలా ఇచ్చే యూఎస్‌బీ డాంగిల్ ఉంటే దాన్ని వర్చువల్ మెషీన్‌కు అప్పగించాలి. పాత మెషీన్ అమ్మేయకముందే ఇవన్నీ నడిచాయో లేదో చూసుకోండి.

రెస్క్యూ పెన్‌డ్రైవ్ దగ్గరే అసలు పరీక్ష

ఇమేజ్ ఎంత బాగున్నా, డిస్క్ పోయిన రోజు బూట్ అవ్వాల్సింది పెన్‌డ్రైవ్. ఇక్కడ మూడు చోట్ల బోల్తా పడతారు.

ఒకటి, డిస్క్ కనిపించకపోవడం. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి లాప్‌టాప్‌లు చాలావాటిలో బయాస్‌లో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ ఆన్ అయి ఉంటుంది. పాత రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఎక్స్‌టర్నల్ డిస్క్ కనిపిస్తుంది, లోపలి ఎస్ఎస్‌డీ మాత్రం అసలు లేనట్టే ఉంటుంది. ఎస్ఎస్‌డీ చెడిపోయిందని షాపుకు తీసుకపోతారు. కావలసింది ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి అది దించుకుని, విప్పి, ఐఎన్‌ఎఫ్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని లోడ్ డ్రైవర్ అన్నచోట చూపిస్తే డిస్క్ వస్తుంది. వీమ్‌లో రికవరీ మీడియా చేసేటప్పుడు ఈ కంప్యూటర్ హార్డ్‌వేర్ డ్రైవర్లను చేర్చాలన్న టిక్కు ఉంటుంది, దాన్ని తీయకపోతే ఈ బాధ ఉండదు. విండోస్ ఇంకా బూట్ కావాల్సి ఉన్న డిస్క్‌లో వీఎండీని బయాస్‌లో ఆపేసి చూడటం పైలం. ఆపితే ఇప్పుడున్న విండోస్ కూడా లేవదు.

రెండు, సెక్యూర్ బూట్. నమ్మకమైన సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే రక్షణ ఇది. పాత బూట్ సీడీలకు సంతకం ఉండదు. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది. పాత బూట్ మేనేజర్లను రద్దుచేసే అప్‌డేట్ అమలైన సిస్టమ్‌లో అంతకు ముందు చేసిన పెన్‌డ్రైవ్ బూట్ కాదు. అందుకే రెస్క్యూ పెన్‌డ్రైవ్ ఒకసారి చేసి మరిచిపోయే వస్తువు కాదు. పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ తయారుచేయాలి.

మూడు, డిస్క్‌కు తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) బిట్‌లాకర్. 24హెచ్2ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, హోమ్ ఎడిషన్‌లో కూడా డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ కావచ్చు. మీకు తెలియను కూడా తెలియదు. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. సిస్టమ్ పెట్టిన కుర్రవాడి ఈమెయిల్‌తో లాగిన్ చేయించుకుని ఉంటే ఆ కీ అతని అకౌంట్‌లో ఉంటుంది, ఈరోజే చూసుకోండి. బ్యాకప్ మీద దీని ప్రభావం ఇట్లా ఉంటుంది. విండోస్ నడుస్తుండగా తీస్తే ఇమేజ్‌లో డేటా తాళం లేకుండా పడుతుంది. అప్పుడు బ్యాకప్‌కే పాస్‌వర్డ్ పెట్టాలి. క్లోన్‌జిల్లాతో బయటి నుంచి తీస్తే తాళం వేసిన డిస్క్‌ను అక్షరం అక్షరం మొత్తంగా కాపీ చేస్తుంది. 100 జీబీ వాడిన 512 జీబీ డిస్క్‌కు ఇమేజ్ కూడా దాదాపు 512 జీబీ కావచ్చు.

ఎవరికి ఏది

అడ్తి దుకాణం, జిన్నింగ్ మిల్లు ఆఫీసు, ఎరువుల షాపు. మీకు ముఖ్యం తక్‌పట్టీల (సరుకు అమ్మకం చీటీల) లెక్కలు, టాలీ డేటా. ఇమేజ్ కోసం వీమ్, టాలీ కోసం టాలీలోనే ఉన్న బ్యాకప్, ఈ రెండూ చాలు. టాలీ తెరిచి ఉండగా డేటా ఫోల్డర్‌ను కాపీ కొట్టవద్దు. కంపెనీ డేటా 10000 లాంటి అంకెల పేరున్న ఫోల్డర్‌లో ఉంటుంది, పనికిరానిదనుకుని తీసేసేవాళ్లు ఉన్నారు. టాలీప్రైమ్ 3.0, ఆపైదానికి మారిన డేటా మళ్లీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి మార్చే ముందటి ఫోల్డర్‌ను అలాగే ఒక పక్కన పెట్టండి. సిస్టమ్ మార్పును మిర్చి సీజన్‌లో, పత్తి కొనుగోళ్ల రోజుల్లో పెట్టుకోకండి. నెలలో అయితే 11, 20 తేదీల జీఎస్టీ రిటర్న్‌లు దాటాక మొదలుపెట్టండి.

ఫొటో స్టూడియోకు ఇమేజ్ కంటే ఫైళ్లే ప్రధానం. ఫొటోలను ఏ సాఫ్ట్‌వేర్ ఫార్మాట్‌లోనూ పెట్టవద్దు, ఫోల్డర్లు ఫోల్డర్లుగానే రెండు డిస్క్‌లలో రోబోకాపీతో వేయండి. ఎంఐఆర్ (/MIR) స్విచ్ వాడితే ఇక్కడ తీసేసింది అక్కడా పోతుందని తెలుసుకుని వాడండి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ రాస్తుందనుకుంటే 1 టీబీకి మూడు గంటలు పడుతుంది. అదే పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే తొమ్మిది గంటలు దాటుతుంది. సిస్టమ్ వెనక నీలం పోర్టు వెతకండి. ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ లేని గదిలో మూడు గంటల కాపీ పెట్టకండి, కరెంటు పోయినా యూపీఎస్ మీద డిస్క్ కూడా నిలబడేలా చూసుకోండి.

ఇంటి లాప్‌టాప్, చదువుకునే పిల్లలది అయితే ఫైల్ హిస్టరీ, దానితోపాటు మూడు నెలలకోసారి ఒక ఇమేజ్. అంతకు మించి అక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా మొదటి వారంలోనే ఒకసారి తిరిగి తీసి చూడండి. రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, లోపలి డిస్క్, బ్యాకప్ రెండూ కనిపిస్తున్నాయా అన్నంత వరకు వెళ్లి, రిస్టోర్ నొక్కకుండా వెనక్కి రండి. ఇమేజ్‌లోంచి గత నెల ఇన్‌వాయిస్ ఒకటి, ఫొటో ఒకటి తీసి తెరవండి. పావుగంట పని.

పాత సిస్టమ్‌లోని హార్డ్‌డిస్క్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. ఊడదీసి, కనీసం ఒక ఆడిట్ పూర్తయ్యేదాకా పక్కన పెట్టండి. దాని మీద స్టిక్కర్ అంటించి నాలుగు విషయాలు రాయండి: తీసిన తేదీ, విండోస్ వెర్షన్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పేరు వెర్షన్‌తో సహా, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో. పాస్‌వర్డ్‌ను మాత్రం ఆ స్టిక్కర్ మీద రాయకండి.